చిన్నారుల చదువులో కథ స్థానం

ప్రాథమిక తరగతుల పిల్లలకు చదువు చెప్పే వారందరికీ ఒక అనుభవం ఉంటుంది. ‘మూగజీవాల పట్ల దయ చూపాలి’ అని పదిసార్లు చెబితే తల ఊపి ఊరుకునే పిల్లవాడు, అదే మాట కథగా చెబితే కళ్ళు పెద్దవి చేసుకుని వింటాడు. పక్కవాడు మాట్లాడితే ‘ఉండరా’ అని కసురుకుంటాడు. కథ ముగియగానే ఒక ప్రశ్న వేస్తాడు: “ఇది నిజంగా జరిగిందా?”

ఆ ప్రశ్న చాలా విలువైనది. దానికి మనమిచ్చే సమాధానం మీద ఆ పిల్లవాని చదువే కాదు, అతని విశ్వాసం కూడా కొంతవరకు ఆధారపడి ఉంటుంది. అందుచేత ప్రాథమిక బోధనలో కథ ఎందుకు అవసరం, ఆ ప్రశ్నకు మనం ఎలా సమాధానం చెప్పాలి అనే రెండు విషయాలను ఈ పాఠంలో పరిశీలిద్దాం.

దివ్య ఖుర్ఆన్ బోధనా విధానం

దివ్య ఖుర్ఆన్‌లో ఆదేశాలున్నాయి, హెచ్చరికలున్నాయి, శుభవార్తలున్నాయి. వాటితోపాటు గాథలూ ఉన్నాయి. తాను వినిపిస్తున్నది అత్యుత్తమమైన గాథ అని యూసుఫ్ సూరా ప్రారంభంలోనే అల్లాహ్ తెలియజేశాడు (12:3). అదే సూరా చివర, ఈ గాథల్లో బుద్ధిమంతులకు గుణపాఠం ఉందనీ, ఇది కల్పించి చెప్పిన మాట కాదనీ స్పష్టం చేశాడు (12:111). ప్రజలు ఆలోచించేందుకు గాథలు వినిపించమని తన ప్రవక్తను ఆదేశించాడు (7:176). పూర్వ ప్రవక్తల వృత్తాంతాలు చెప్పటంలోని ఉద్దేశ్యం దైవప్రవక్త (స) హృదయానికి స్థిరత్వం కలిగించటమేనని హూద్ సూరాలో తెలియజేశాడు (11:120).

ఇక్కడ ఒక్క క్షణం ఆగి ఆలోచించండి. గాథల ద్వారా మహాప్రవక్త (స) హృదయానికే స్థిరత్వం చేకూర్చబడితే, ఏడేళ్ళ పసివాని మనసుకు అవి ఎంత అవసరం!

ఖుర్ఆన్ గాథల్లో పసివాళ్ళకు పరిచయమైన లోకం ఎంతో ఉంది. సులైమాన్ (అలై) సైన్యాన్ని చూసి తోటి చీమలను హెచ్చరించిన చీమ ఉంది. సబా రాజ్యపు వార్త తెచ్చిన హుద్‌హుద్ పక్షి ఉంది. శవాన్ని ఎలా పూడ్చాలో ఆదం (అలై) కుమారునికి చూపిన కాకి ఉంది. యూనుస్ (అలై)ను మింగిన చేప ఉంది. గుహవాసుల గడప దగ్గర ముందుకాళ్ళు చాచి పడుకున్న కుక్క ఉంది. ఏనుగుల సైన్యాన్ని మట్టికరిపించిన పిట్టలున్నాయి.

ఉపాధ్యాయులు గమనించదగిన విషయం మరొకటి ఉంది. ఖుర్ఆన్ గాథను చెబుతుందే తప్ప అనవసర వివరాలతో నింపదు. గుహవాసులు ఎందరు అనే చర్చలో పడవద్దని కహఫ్ సూరాలోనే చెప్పబడింది (18:22). ఎందరున్నారన్నది ముఖ్యం కాదు, వారు ఎవరిని నమ్ముకున్నారన్నది ముఖ్యం. కథ చెప్పేవారు దీన్ని మొదటి సూత్రంగా పెట్టుకోవాలి.

మహాప్రవక్త (స) పిల్లలతో ఎలా మాట్లాడేవారు?

హజ్రత్ అనస్ (రజి)కు ఒక తమ్ముడుండేవాడు. ముద్దుగా అబూ ఉమైర్ అని పిలిచేవారు. ఆ బాలుడు ఒక చిన్న పిట్టతో ఆడుకునేవాడు. అది చనిపోయింది. బాలుడు దిగులుగా కూర్చుంటే, దైవప్రవక్త (స) అతని పేరుకు ప్రాస కుదిరేలా ముద్దు మాటలతో ఆ పిట్ట సంగతి అడిగారు (బుఖారీ, ముస్లిం, అబూదావూద్). ఒక సమాజాన్ని నడిపించే నాయకుడు పిల్లవాని పిట్ట గురించి అడగటం, అదీ ప్రాసతో అడగటం చిన్న విషయం కాదు. పిల్లల మనసుకు దారి ప్రాస, లయ, ఆప్యాయతల గుండా ఉందని ఈ ఒక్క సంఘటన మనకు నేర్పుతుంది.

సహచరులకు బోధించేటప్పుడు కూడా ఆయన (స) ఎన్నోసార్లు పూర్వపు సమాజాల గాథలు వినిపించేవారు. బావిలోకి దిగి, తన తోలు మేజోడులో నీళ్ళు నింపుకుని, దాన్ని నోటితో పట్టుకుని పైకి వచ్చి, దాహంతో అలమటిస్తున్న కుక్కకు తాగించిన మనిషి గాథ వాటిలో ఒకటి (బుఖారీ, ముస్లిం). బండరాయి పడి గుహలో చిక్కుకున్న ముగ్గురి గాథ మరొకటి. వారిలో ప్రతి ఒక్కరూ అల్లాహ్ కోసం చేసిన ఒక సత్కార్యాన్ని గుర్తు చేసుకుని దుఆ చేశారు. బండ కొంచెం కొంచెంగా తొలగిపోయింది (బుఖారీ, ముస్లిం). వీటిని ఒక్కసారి విన్నవారు మరచిపోలేరు.

ఇక అక్షరాల విషయానికి వస్తే, బద్ర్ యుద్ధ ఖైదీల్లో పరిహారం చెల్లించలేని వారికి, అన్సార్ల పిల్లలకు రాయటం నేర్పటమే పరిహారంగా నిర్ణయించబడింది (ముస్నద్ అహ్మద్). పిల్లల ప్రాథమిక విద్యకు ఆయన (స) ఇచ్చిన విలువ ఇది.

పూర్వ పండితుల అభిప్రాయం

ఇమాం గజాలీ (రహ్మలై) 1111లో మరణించారు. ఆయన తమ ‘ఇహ్యా ఉలూమిద్దీన్’ గ్రంథంలో పిల్లల శిక్షణ గురించి వివరంగా రాశారు. పిల్లవాడు తల్లిదండ్రుల చేతిలో అల్లాహ్ పెట్టిన అమానతు అనీ, అతని హృదయం ఏ రూపం చెక్కినా స్వీకరించే స్వచ్ఛమైన రత్నం వంటిదనీ అన్నారు. మక్తబ్‌లో ఖుర్ఆన్‌తోపాటు పుణ్యాత్ముల గాథలు నేర్పాలనీ, దానివల్ల సజ్జనుల పట్ల ప్రేమ చిన్ననాడే నాటుకుంటుందనీ సూచించారు. మక్తబ్ నుండి వచ్చాక ఆడుకోనివ్వాలనీ, ఆట లేకుండా చదువే రుద్దితే పిల్లవాని హృదయం మొద్దుబారుతుందనీ కూడా హెచ్చరించారు. తొమ్మిది వందల ఏళ్ళ నాటి మాట ఇది!

ఇబ్ను ఖల్దూన్ (1332–1406) తమ ‘ముఖద్దిమా’లో వేర్వేరు ప్రాంతాల ప్రాథమిక బోధనను పోల్చి చూశారు. మగ్రిబ్ ప్రాంతంలో పిల్లలకు ఖుర్ఆన్ మాత్రమే నేర్పేవారు. స్పెయిన్ (అందులుస్) ముస్లింలు ఖుర్ఆన్‌తోపాటు కవిత్వం, రచన, భాషా నియమాలు కూడా కలిపి నేర్పేవారు. అందువల్ల వారి పిల్లలకు భాష మీద పట్టు దొరికిందని ఆయన రాశారు. పిల్లలను కఠినంగా దండించటం వల్ల వారిలో భయం, అబద్ధం, కపటం పెరుగుతాయని కూడా ఆయన హెచ్చరించారు. బెత్తం చేయలేని పని కథ చేస్తుంది.

కథ వల్ల చదువు ఎలా వస్తుంది?

కొందరు తల్లిదండ్రులు ‘కథలు కాలక్షేపానికి, చదువు చదువే’ అనుకుంటారు. ఇది సరైన ఆలోచన కాదు. కథ వింటున్న పిల్లవాడు కొత్త మాటలను విడివిడిగా కాదు, సందర్భంతో సహా నేర్చుకుంటాడు. ముందు ఏం జరిగింది, తర్వాత ఏం జరిగింది, ఎందుకు జరిగింది అని వరుస పెట్టుకుంటాడు. లెక్కల్లో, సైన్సులో రేపు అతనికి కావలసింది ఈ వరుసే. అన్నిటికన్నా ముఖ్యంగా, ఇంకొకరి బాధ తన బాధగా ఊహించుకోవటం నేర్చుకుంటాడు.

ప్రథమ్ సంస్థ గ్రామీణ భారతదేశంలో జరిపే ‘అసర్’ సర్వేలో పిల్లలకు అక్షరాలు, పదాలు, ఒక చిన్న పేరా, చివరగా రెండో తరగతి స్థాయిలో ఒక చిన్న కథ ఇచ్చి చదివిస్తారు. 2024 సర్వేలో ఐదో తరగతి పిల్లల్లో దాదాపు సగం మంది ఆ కథ చదవలేకపోయారు. అంటే ఐదేళ్ళు బడికి వెళ్ళి కూడా ఒక చిన్న కథ దగ్గర ఆగిపోతున్నారు. పాఠ్యపుస్తకం తప్ప మరో పుస్తకం చేతపట్టని పిల్లవానికి చదవటం అలవాటు ఎలా అవుతుంది? 1947 జూలైలో మొదలై దశాబ్దాలపాటు తెలుగు ఇళ్ళలో పిల్లల చేతుల్లో నలిగిన ‘చందమామ’ ఆగిపోయింది. ఆ చేతుల్లోకి ఇప్పుడు ఫోను వచ్చింది.

మన పిల్లల విషయంలో మరొక చిక్కు ఉంది. తెలుగునాట ముస్లింలలో కొందరి ఇళ్ళలో ఉర్దూ, నూర్‌బాషా వంటి వారి ఇళ్ళలో, అనేక పల్లెల్లో తెలుగు మాట్లాడతారు. పిల్లలు బడిలో తెలుగులోనో ఇంగ్లీషులోనో చదువుతారు. మక్తబ్‌కు వస్తే ఖాయిదా, ఆ తర్వాత నాజిరా. అక్షరాలు కూడబలుక్కుని ఖుర్ఆన్ పఠించటం నేర్చుకుంటారు. ఇది ఎంతో శుభప్రదమైన పని, తప్పక జరగవలసిన పని. కాని ఫీల్ సూరా కంఠస్థం చేసిన పిల్లవానికి ఆ ఏనుగులెవరివో, ఎక్కడికి వచ్చాయో తెలియకపోతే, మనం అతనికి పెట్టె ఇచ్చి తాళం చెవి మన జేబులో ఉంచుకున్నట్లే. ప్రతి ప్రవక్తనూ అతని జాతి భాషలోనే పంపామని అల్లాహ్ తెలియజేశాడు (14:4), వారికి విషయం విశదం కావాలని. కాబట్టి పఠనం అరబీలో సాగుతుండగా, గాథ పిల్లవాని ఇంటి భాషలో చెప్పాలి. 2020 నాటి జాతీయ విద్యా విధానం కూడా వీలైనంతవరకు ఐదో తరగతి దాకా బోధన ఇంటి భాషలో ఉండాలనే చెబుతోంది.

నిజంగా జరిగిందా?

ఇప్పుడు పిల్లవాని ప్రశ్న దగ్గరికి వద్దాం. పిల్లలకు చెప్పే కథలన్నిటినీ ఉపాధ్యాయుడు తన మనసులో మూడు అరలుగా సర్దుకోవాలి.

మొదటి అరలో ఖుర్ఆన్, ప్రామాణిక హదీసుల గాథలు. వీటి గురించి అడిగితే ‘అవును, నిజంగా జరిగింది’ అని నిస్సంకోచంగా చెప్పాలి.

రెండో అరలో చరిత్ర. సహాబాల, పండితుల, పాలకుల జీవితాలు. ఇక్కడ ‘చరిత్రకారులు ఇలా రాశారు’ అని చెప్పాలి. ఏది గట్టిగా రుజువైనదో, ఏది విన్న మాటో పెద్ద తరగతుల పిల్లలకు తేడా చూపించాలి.

మూడో అరలో కల్పిత కథలు. మాట్లాడే నక్క, తెలివైన కాకి, పేదరాసి పెద్దమ్మ. ఇక్కడ ‘ఇది జరగలేదు నాన్నా, ఒక మంచి విషయం చెప్పటానికి అల్లిన కథ’ అని చెప్పాలి.

కల్పిత కథ చెప్పటం అబద్ధమాడటమే కదా అని కొందరు సోదరులు సందేహపడతారు. ఎదుటివారిని నమ్మించి మోసగించేది అబద్ధం. వినేవారికి అది ఉపమానమని తెలిసినప్పుడు అక్కడ మోసం లేదు. మన పంచతంత్ర కథలు పహ్లవీ భాషలోకి వెళ్ళాయి. అక్కడి నుండి ఎనిమిదో శతాబ్దంలో ఇబ్నుల్ ముఖఫ్ఫా వాటిని ‘కలీలా వ దిమ్నా’ పేరుతో అరబీలోకి తెచ్చారు. ముస్లిం లోకం శతాబ్దాలపాటు ఆ పుస్తకాన్ని చదువుకుంది. అవే కథలను 1853లో పరవస్తు చిన్నయసూరి ‘నీతిచంద్రిక’గా తెలుగు విద్యార్థులకు అందించారు. హైదరాబాదులో జన్మించి, జామియా మిల్లియాను నడిపి, దేశానికి రాష్ట్రపతి అయిన డాక్టర్ జాకిర్ హుసేన్ (1897–1969) పిల్లల కోసం ‘అబ్బూఖాన్ కీ బక్రీ’ రాశారు. అందులోని మేక కట్టుతాడుతో బతకటం కన్నా స్వేచ్ఛగా కొండల్లో తిరగటాన్నే కోరుకుంటుంది, తోడేలుతో రాత్రంతా పోరాడుతుంది. ఇవన్నీ మూడో అరలోవే, ఉపయోగపడేవే.

అయితే మూడో అరతోనే ఆగిపోకూడదు. మౌలానా అబుల్ హసన్ అలీ నద్వీ (1914–1999) పిల్లల కోసం సులభమైన అరబీలో ‘ఖససున్ నబియ్యీన్’ రాశారు. కథలంటే ఇష్టపడే తమ అన్న కుమారుని చేతిలో జంతువుల కథలే కనిపించటం చూసి బాధపడి, ప్రవక్తల గాథలు రాయటానికి పూనుకున్నట్లు ఆయన ముందుమాటలో తెలిపారు. చిన్న చిన్న వాక్యాలు, మళ్ళీ మళ్ళీ వచ్చే మాటలు, ఒక్కో అధ్యాయం ఒక్కో పేజీ. ఇబ్రాహీం (అలై) గాథ విగ్రహాలమ్మే వ్యక్తితో మొదలవుతుంది. పసివాళ్ళకు ఎలా రాయాలో తెలుసుకోవాలంటే ఆ పుస్తకం నేటికీ మంచి నమూనా.

అరలు కలిసిపోతే ఏమవుతుంది?

అసలు ప్రమాదం మూడో అరలో లేదు. మూడో అరలోని కథను తెచ్చి మొదటి అరలో పెట్టటంలో ఉంది.

ఒక ఉదాహరణ చూడండి. దైవప్రవక్త (స) మీద రోజూ చెత్త పోసే ముసలమ్మ కథ చాలా పిల్లల పుస్తకాల్లో ఉంది. ఒకరోజు చెత్త పడకపోతే ఆయన ఆరా తీసి, జబ్బుపడిన ఆమెను పరామర్శించారని ఆ కథ చెబుతుంది. వినటానికి హృద్యంగా ఉంటుంది. కాని ప్రామాణిక హదీసు గ్రంథాల్లో దీనికి ఆధారం లేదు. ఉద్దేశ్యం మంచిదే కదా అనకూడదు. తన మీద కావాలని అబద్ధం చెప్పినవాడు నరకంలో తన స్థానం చూసుకోవాలని ఆయన (స) తీవ్రంగా హెచ్చరించారు (బుఖారీ, ముస్లిం).

దీనివల్ల కలిగే నష్టం ఆలోచించండి. ఏడేళ్ళ వయసులో ఆ కథ విని కన్నీళ్ళు పెట్టుకున్న బాలుడు, ఇరవై ఏళ్ళకు అది ఆధారం లేనిదని తెలుసుకుంటాడు. ‘మరి మిగిలినవి?’ అనే అనుమానం అతని మనసులో పుడుతుంది. మనం ప్రేమను నాటాలనుకుని సందేహాన్ని నాటినవాళ్ళమవుతాము.

ఆ పాఠం చెప్పటానికి మనకు నిజమైన గాథలు కరువయ్యాయా? మహాప్రవక్త (స)కు సేవ చేసే ఒక యూదు బాలుడు జబ్బుపడితే ఆయన స్వయంగా వెళ్ళి తలదాపున కూర్చున్నారు (బుఖారీ). తాయిఫ్ ప్రజలు తిరస్కరించినప్పుడు, కొండల దైవదూత వచ్చి ఆజ్ఞ ఇస్తే వారిని నలిపివేస్తానన్నా, వారి సంతతిలోనైనా అల్లాహ్‌ను ఆరాధించేవారు పుట్టవచ్చని ఆశపడ్డారు (బుఖారీ, ముస్లిం). పరామర్శ, క్షమ – రెండూ వీటిలో ఉన్నాయి. పైగా పిల్లవాడు ‘నిజంగా జరిగిందా’ అంటే తలెత్తి ‘అవును’ అనవచ్చు.

పిల్లలతో చెప్పే మాట చిన్నదైనా లెక్కలోకి వస్తుంది. ఒక తల్లి తన పిల్లవాణ్ణి ‘రా, ఒకటి ఇస్తాను’ అని పిలిస్తే, ఏమివ్వాలనుకున్నావని మహాప్రవక్త (స) అడిగారు. ఖర్జూరం అని ఆమె చెప్పింది. ఏమీ ఇవ్వకుండా ఉండి ఉంటే నీ ఖాతాలో ఒక అబద్ధం రాయబడేదని ఆయన (స) తెలిపారు (అబూదావూద్). ఒక్క ఖర్జూరం విషయంలోనే ఇంత జాగ్రత్త ఉంటే, ధర్మం పేరుతో చెప్పే కథలో ఎంత జాగ్రత్త ఉండాలి!

తరగతి గదిలో ఒక పాఠం

రెండు లేక మూడో తరగతికి దాహంతో ఉన్న కుక్క గాథ తీసుకుందాం.

1. ముందుగా పిల్లలనే మాట్లాడించండి. ‘ఎండలో బడి నుంచి ఇంటికి వెళ్ళేటప్పుడు దాహం వేస్తే ఎలా ఉంటుంది?’ నాలుగు జవాబులు రానివ్వండి.

2. గాథను పుస్తకం చూడకుండా, ఐదు నిమిషాల్లో, చిన్న వాక్యాలతో చెప్పండి. హదీసులో లేని పేర్లు, ఊళ్ళు చేర్చకండి.

3. బావి అడుగున మనిషి ఉన్నచోట ఆపండి. ‘చేతిలో గిన్నె లేదు, ఇప్పుడేం చేస్తాడు?’ అని అడగండి. పిల్లలే ఉపాయాలు చెబుతారు.

4. కథ కాగానే ‘నీతి ఏమిటి?’ అని అడగకండి. ‘ఆ మనిషిని ఎవరు చూశారు?’ అని అడగండి. ఎవరూ చూడలేదు, అల్లాహ్ చూశాడు అని వారంతట వారే చెబితే, ఆ పాఠం ఇక చెరగదు.

5. నల్లబల్ల మీద ఐదు మాటలు రాయండి: బావి, దాహం, కుక్క, నీళ్ళు, దయ. చదివించండి. పలక మీద రాయించండి. మర్నాడు ఆ మాటలతో కథను వారి చేత చెప్పించండి.

6. ఇంటిపనిగా, గోడ మీదో చెట్టు కిందో మట్టి మూకుడులో పక్షులకు నీళ్ళు పెట్టమనండి.

చెవితో విన్నది నోటితో చెప్పి, కంటితో చదివి, చేతితో రాసి, చివరకు ఆచరణలో పెట్టారు. ఒక్క గాథతో భాషాబోధన, ధర్మబోధన రెండూ జరిగాయి.

ఏ వయసుకు ఏ గాథ?

ఐదారేళ్ళ పిల్లలకు చీమ, హుద్‌హుద్, ఏనుగుల సైన్యం, అబూ ఉమైర్ పిట్ట చాలు. ప్రాస మాటలు, గేయాలు ఎక్కువగా ఉండాలి. అల్లాహ్ కారుణ్యం ముందు చెప్పాలి, శిక్షల వర్ణనలతో, దయ్యాల కథలతో భయపెట్టకూడదు.

ఏడెనిమిదేళ్ళ వారికి యూనుస్ (అలై), బుట్టలో నది మీద తేలిన పసి మూసా (అలై), గుహలో ముగ్గురిలో తల్లిదండ్రులకు పాలు పట్టుకుని తెల్లవార్లూ నిలబడినవాడు, కూలివాని సొమ్మును పెంచి అప్పగించినవాడు.

తొమ్మిది, పదేళ్ళ వారికి యూసుఫ్ (అలై) గాథ: కల, బావి, కరువు, ధాన్యం, అన్నలను క్షమించటం. వయసుకు తగని ఘట్టాన్ని తర్వాతి తరగతులకు ఉంచవచ్చు. హజ్రత్ బిలాల్ (రజి) సహనం, హిజ్రత్ ప్రయాణానికి నడుముపట్టీ చించి ఆహారం మూట కట్టిన హజ్రత్ అస్మా (రజి) సాహసం. ఈ వయసులో తామే చదివి, తామే రాయాలి.

ప్రవక్తలకు, సహాబాలకు ఊహాచిత్రాలు వేసిన పుస్తకాలు ఏ తరగతికీ వద్దు.

మనమేం చేయాలి?

ప్రతి మక్తబ్‌లో ఒక చిన్న చెక్క బీరువా, అందులో పిల్లలు ఇంటికి తీసుకువెళ్ళగలిగే యాభై పుస్తకాలు ఉంచటం ఏ మస్జిద్ కమిటీకీ మోయలేని భారం కాదు. కొనేముందు ఆలిములకు చూపించి ఆధారాలు సరిచూసుకోవాలి. వారానికి ఒక పూట కథకు కేటాయించమని ఉస్తాదులను కోరాలి. తెలుగులో రాయగలిగిన సోదర సోదరీమణులు పసివాళ్ళ కోసం కలం పట్టాలి. పెద్దల కోసం రాయటం కన్నా ఇది కష్టమైన పని, అంతే పుణ్యప్రదమైన పని. తల్లులు, నాన్నమ్మలు, అమ్మమ్మలు నిద్రపుచ్చే వేళ ఫోను పక్కనపెట్టి ఒక గాథ చెప్పాలి.

రేపు మీ పిల్లవాడు కథ విని “నిజంగా జరిగిందా?” అని అడిగితే విసుక్కోకండి. వాడు సత్యాన్ని వెతుకుతున్నాడు. తెలిస్తే చెప్పండి. తెలియకపోతే ‘కనుక్కుని చెబుతాను’ అనండి, కనుక్కుని చెప్పండి.

అల్లాహ్ మన సంతానానికి లాభదాయకమైన విద్యను ప్రసాదించుగాక! వారితో సత్యమే పలికే సద్బుద్ధిని మనకు అనుగ్రహించుగాక! ఆమీన్.